మెడ ఉన్ని

బయ్యన్నకు తెల్లబండ్ల మీద మనసు పోదు. కడగడానికి అవే సులువు, ఆ మాట కాదనడు. నీళ్ళ మరక మిగిలినా కనపడదు, గీత పడినా వెంటనే తెలియదు. మడకశిర చుట్టుపక్కల కారు కొన్నవాళ్ళు చాలావరకు తెల్లదే కొంటారు. ఎండకు కాగదని ఒకరు, నాయకులు తిరిగేది దాంట్లోనే కదా అని ఇంకొకరు. ఎవరేం చెప్పినా, తెల్లబండిని ఎంత కడిగినా అది ఒట్టి తెల్లగానే ఉంటుంది. దాంట్లోకి ఏమీ దిగదు. ముదురురంగు బండి సంగతి వేరు. కడిగి, తడి అద్ది, నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే దాని బానెట్‌లోకి ఆకాశం దిగి ఉంటుంది. మబ్బులుంటే మబ్బులు, గద్ద తిరుగుతుంటే గద్ద.

ఆయన చేతికి వచ్చే బండ్లలో అలాంటిది ఒక్కటే ఉంది. కృపాకుమారి టీచర్ నీలంబండి. శనివారం బడి విడిచాక వస్తుంది. మిగతా వారమంతా ట్రాక్టర్లూ ఆటోలూ తెల్లబండ్లూ కడుగుతూ, బయ్యన్న లోలోపల ఆ శనివారం దిక్కుకే నడుస్తుంటాడు.

హిందూపురం దారిలో ఊరి ఇళ్ళు అయిపోయి శనక్కాయ చేన్లు మొదలయ్యే చోట ఆయన రేకుల షెడ్డు ఉంది. పక్కనే ఆదెన్న పంక్చర్ అంగడి. వెనక చేనులో బోరు ఉంది కానీ దాన్ని నమ్ముకోలేం. కరెంటు ఉన్నప్పుడు సన్నటి ధార వస్తుంది, అప్పుడే డ్రమ్ములు నింపుకోవాలి. ఆ నీళ్ళతోనే రోజంతా నెట్టుకు రావాలి. మెషిన్ పెట్టి నీళ్ళు కొట్టే కొట్లు హిందూపురంలో ఉన్నాయి. ఇక్కడ బయ్యన్న చెంబూ, బకెట్లూ, చేతులూ.

అరవైకి దగ్గరపడిన మనిషి. సన్నటి ఒళ్ళు, ఎప్పుడూ ఎటో చూస్తున్నట్టుండే కళ్ళు. ఆదెన్న ఎగతాళి చేస్తాడు, "ఈ మనిషి బండి కడగడప్పా, బండితో కలలు కంటాడు" అని. అందులో అబద్ధమేమీ లేదు.

బయ్యన్న పుట్టింది గొర్రెల మధ్య. మడకశిరకు పడమటి పక్క, తెలుగూ కన్నడమూ ఒకే నోట్లో తిరిగే పల్లె. వాళ్ళ నాయన మందలో నల్లగొర్రెలే ఎక్కువ. ఎండాకాలం రాగానే మందను తోలుకుని కర్ణాటక మాగాణుల వైపు పోయేవాళ్ళు. కోత అయిపోయిన మడిలో మంద కడితే పెంట పొలానికి, గింజలు వీళ్ళకు. బయ్యన్న చిన్నతనమంతా నడకే. ముందు గొర్రెల వీపులు, వాటి మీద దుమ్ము, దుమ్ము మీద పొద్దు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ నల్లటి వీపులు అలల్లాగా కదులుతాయి.

ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కుంటలో కడగాలి. అది వాళ్ళ ఇంటి పద్ధతి. నాయన నడుములోతు నీళ్ళలో నిలబడి గొర్రె గడ్డం కింద ఎడమచెయ్యి పెట్టి, కుడిచేత్తో నీళ్ళు పోసేవాడు.

"రుద్దొద్దురా బయ్యా. నీళ్ళు తాగనీ. మట్టి నానితే దానంతట అదే దిగుతాది. తలకాయ నుంచి తోక దిక్కు పోనీ చేతిని. ఎదురు పోతే గొర్రె బెదురుతాది."

బయ్యన్న తన వంతు గొర్రెను పట్టుకుని కుంటలో నిలబడేవాడు. నీళ్ళు చల్లగా, గొర్రె ఒళ్ళు వెచ్చగా ఉండేవి. చేతికింద ఉన్ని నీళ్ళు పీల్చుకుని బరువెక్కేది. ఎర్రటి మట్టి నీళ్ళలోకి పొగలాగా జారిపోయేది.

నాయన చెప్పిన ఇంకో మాట కూడా ఆ ఇళ్ళలో అందరికీ తెలుసు. గొర్రెకు వీపు మీద ముళ్ళుంటాయి, పొట్టకింద పెంట ఉంటుంది, తోక దగ్గర ఏముంటుందో చెప్పనక్కర్లేదు. మెడ మాత్రం శుభ్రం. పిల్ల మొదటిసారి కత్తిరించినప్పుడు వచ్చే మెడ ఉన్నిని వాళ్ళు ఏకను కూడా ఏకరు. వేళ్ళతో పాయలు విడదీసి చెత్త ఏరే పని దానికి అవసరం లేదని నమ్మకం. అలాగే తీసుకుపోయి పసిబిడ్డ ఉయ్యాల గుడ్డలో పరుస్తారు. బయ్యన్న కూడా ఆ ఉన్ని మీదే పెరిగాడు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు కాదు, వెంట వెంటనే. గడ్డి పోయింది, ఆ పైన రోగం వచ్చింది. ఉన్నవాటిలో చాలామటుకు సంతలో తెగనమ్మారు. మిగిలిన కొన్నింటిని తమ్ముడు ఓబుళేసు ఉంచుకున్నాడు. బయ్యన్న పెండ్లాం ఆంజినమ్మను వెంటబెట్టుకుని మడకశిరకు వచ్చాడు.

మొదట్లో బండ్లు కడగడం ఆయనకు తెలియదు. తెలియదని కూడా తెలియదు. కొబ్బరిపీచు, సబ్బుపొడి తీసుకుని ఒక ఎర్రకారును అంటు తోమినట్టు తోమేశాడు. నీళ్ళు ఆరాక చూస్తే కారంతా సాలెగూడులాంటి సన్నటి గీతలు.

కారు ఆసామి వచ్చి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఏమప్పా, ఇది బండి అనుకున్యావా, సంగటి చేసిన బాన అనుకున్యావా?"

ఆ సాలెగూడు బయ్యన్నకు చాలాకాలం కలల్లోకి వచ్చింది. రంగును తోమింది కొబ్బరిపీచు ఒక్కటే కాదు, బండి మీదున్న మట్టే అని తర్వాత్తర్వాత అర్థమైంది. అనంతపురం మట్టిలో సన్నటి ఇసుక ఉంటుంది. పొడిగుడ్డ పెట్టి తుడిస్తే ఆ ఇసుకే రంగు మీద దొర్లుతుంది. సన్నటి వేట్లు వేస్తుంది.

ఒకనాడు వాన తుంపర పడుతుంటే పాత కంబళి ముక్క తడిసి ఆయన చేతిలో ఉంది. ఆలోచించకుండానే దాంతో ఆదెన్న మోటర్‌సైకిల్ ట్యాంకును ఒత్తాడు. మట్టి మాయమైంది. కంబళి విప్పి చూస్తే దుమ్మంతా ఉన్ని లోపల దాక్కుని ఉంది. రంగు మీద దొర్లకుండా లోపలికి పోయింది. బయ్యన్నకు ఒళ్ళు జలదరించింది. కుంటలో గొర్రె ఒళ్ళంతా చేతికి జ్ఞాపకం వచ్చింది.

ఆంజినమ్మ పాత లుంగీ గుడ్డ మీద ఉన్ని పాయలు కుట్టి చేతిసంచి చేసిచ్చింది. చెయ్యి లోపల పెట్టుకుంటే అరచెయ్యే గొర్రె అయిపోయినట్టుంటుంది. అప్పటినుంచి అదే ఆయన పనిముట్టు.

పని మొదలుపెట్టే ముందు ఉంగరం తీసి షెడ్డు గూట్లో పెడతాడు. గుండీల చొక్కా విప్పేస్తాడు, వంగినప్పుడు గుండీ తగులుతుందని. బండిని కానుగచెట్టు నీడలో నిలబెట్టి రేకు మీద మునివేళ్ళతో తాకి చూస్తాడు. వేడిగా ఉంటే ముట్టుకోడు.

"జ్వరం తగ్గనీ," అంటాడు.

చల్లారాక పైకప్పు మీదనుంచి చెంబుతో నీళ్ళు జారవిడుస్తాడు. అవి మట్టిని నానబెడుతుంటే చేతులు కట్టుకుని చూస్తాడు. ఈ చూడటం దగ్గరే జనానికి ఓపిక పోతుంది. "తొందరగా కానీప్పా" అంటారు. బయ్యన్నకు వినపడదు. మట్టి మెత్తబడ్డాక సబ్బునురుగులో ముంచిన ఉన్నిసంచి పెట్టి పైనుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి, తిన్నగా పోతాడు. గుండ్రంగా తిప్పడు. ప్రతి నాలుగు దువ్వులకూ వేరే బకెట్లో సంచిని జాడిస్తాడు. చక్రాల దగ్గరికి ఆ సంచి పోదు, వాటికి వేరే గుడ్డ. సంచి పొరపాటున నేలమీద పడితే ఆ రోజుకు దానికి సెలవే. చివర తడిని రుద్దడు, మెత్తటి పాతచీరతో అద్దుతాడు, పసిబిడ్డకు తలారబెట్టినట్టు.

కృపాకుమారి టీచర్ మొదటిసారి వచ్చినప్పుడు అదంతా నిలబడి చూసింది.

ఆమెది మడకశిర సర్కారు బడి. లెక్కలు చెబుతుంది. తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక కారు నేర్చుకుంది. నేర్చుకునే రోజుల్లో బంధువులు నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది కొత్తచెరువులో ఉండే చెల్లెలి మొగుడు. "వదినా, రోడ్డుకు ముందే చెప్పు, పక్కకు జరుగుతుంది" అన్నాడట. ఆమె నేర్చుకోవడం మానలేదు. తన కష్టంతో నీలంబండి కొనుక్కుంది. వానకు ముందు ఆకాశం ఎలా ఉంటుందో, సరిగ్గా ఆ రంగు.

"బయ్యన్నా, దీనిమీద ఒక్క గీత పడినా నాకు నిద్ర పట్టదు. ఇప్పుడే చెప్తాండా," అంది.

"నాకూ పట్టదులే టీచరమ్మా," అన్నాడు బయ్యన్న.

అలా మొదలైంది. ఆమె స్టూలు మీద కూచుని ఆదెన్న తెప్పించిన బొరుగులు తింటూ ఉంటుంది. ఈయన కడుగుతుంటాడు. ఆషాఢంలో పడమటి గాలి లేస్తుంది. ఆ గాలికి మబ్బులు గుంపులు గుంపులుగా వచ్చి ఈ మెట్ట మీదుగా పోతాయి. ఆగవు, కురవవు. మనుషులు తలెత్తి చూసి మెడనొప్పి తెచ్చుకుంటారు, అంతే. బయ్యన్న మాత్రం తల వంచి చూస్తాడు. కడిగిన బానెట్ మీద అవి ఒకదాని వెనక ఒకటి నడిచిపోతుంటాయి. ముందు పెద్దది, పక్కన కుంటిది, వెనక పిల్లలు. ఆయన నాలుక దానంతట అదే మందను తోలే చప్పుడు చేస్తుంది, టక్కు టక్కుమని.

ఒకసారి టీచర్ విని అడిగింది. "ఎవరిని పిలుస్తాండావు?"

బయ్యన్న సిగ్గుపడ్డాడు. తర్వాత వేలితో చూపించాడు. "నీ బండిలో మా మంద పోతాందమ్మా."

ఆమె నవ్వింది. బొరుగుల పొట్లం పక్కన పెట్టి వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఇద్దరూ అలా బండి మీదికి వంగి నిలబడ్డారు. రోడ్డుమీద పోయే బస్సులో జనం, ఇంజన్ ఏమైనా పాడైందేమో అనుకుని ఉంటారు.

సంతలో అమ్మేసిన గొర్రెలు వారానికొకసారి ఇలా వచ్చి పోతున్నాయని బయ్యన్నకు నమ్మకం కుదిరింది. అది పిచ్చి అని ఆయనకూ తెలుసు. అయినా ఆ నీలం బానెట్ లేకపోతే మళ్ళీ వాటిని చూసే దారి లేదు.

ఈ ఆషాఢంలో ఓబుళేసు ఒక మూట పంపించాడు. మందలో ఈసారి పుట్టిన పిల్లలకు మొదటి కత్తిరింపు అయిందట. మెడ ఉన్ని విడిగా కట్టి పంపాడు. నల్లగా, పొగలాగా ఉంది. మొహానికి ఆనించుకుంటే పాలవాసన. బయ్యన్న అలాగే కాసేపు ఉండిపోయాడు.

ఆ శనివారానికి ఒక విశేషం ఉంది. మర్నాడు ఆదివారం ప్రార్థన అయ్యాక కృపాకుమారి కొత్తచెరువుకు పోతోంది, చెల్లెలు కొత్తిల్లు కట్టుకుంది, అక్కడ ప్రార్థన కూటం. మొదటిసారి తనే బండి నడుపుకుంటూ పోతుంది. ఆ మరిది ముందు దిగాలి.

"ఇన్నాళ్ళు నడిపినా, ఒక్క గీత లేదు సూడు అని చూపియ్యాల వాడికి," అని ముందు వారమే చెప్పింది.

బయ్యన్నకు ఆ మాట మనసులో పడిపోయింది. ఈసారి పాత సంచి వద్దు, మెడ ఉన్నితో కొత్త సంచి కుట్టించాలనుకున్నాడు. ఉయ్యాలలో పరిచే ఉన్నితో ఆ బండిని కడగాలి.

ఆంజినమ్మ మూట విప్పి, "ఒక్క పూట ఆగు, ఏకి కుడతా," అంది.

"మెడ ఉన్నిని ఎవరన్నా ఏకుతారా? మీ యింట్లో ఏకుతారేమో."

"మా యింట్లో నోరు తక్కువ, పని ఎక్కువ. కుంటలో కడిగినారా దీన్ని?"

"కుంటలో నీళ్ళు యాడుండాయి? కడక్కుండానే కత్తిరించినారంట. నేను రెండు నీళ్ళు జాడించినాలే. కుట్టు."

ఆమె గొణుక్కుంటూనే కుట్టిచ్చింది.

శనివారం టీచర్ బండి నిలబెట్టి, అంగట్లో చెల్లెలికి చీర తీసుకోవాలని బజారు దిక్కు పోయింది. బండి చల్లారింది. నీళ్ళు జారాయి. బయ్యన్న కొత్త సంచిలో చెయ్యి పెట్టాడు. ఎంత మెత్తగా ఉందంటే చేతికి సంచి ఉన్నట్టే తెలియలేదు. పైకప్పు అయింది, తలుపులు అయ్యాయి. బానెట్ మీదికి వచ్చాడు. గాలి చల్లగా తగులుతోంది. కుంట, నాయన, గొర్రె గడ్డం కింద ఎడమచెయ్యి... ఎక్కడికో పోయాడు. దువ్వుతున్నాడు, తల నుంచి తోక దిక్కు.

చిన్న చప్పుడు వినపడింది. పురుగు అరిచినట్టుగా, కిర్రుమని.

చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు పోసి చూశాడు. బానెట్ నడుమ జానెడు పొడుగున తెల్లటి గీత. తిన్నగా ఉంది. ఆయన చెయ్యి ఎంత తిన్నగా పోయిందో అంత తిన్నగా.

సంచి తిప్పి వేళ్ళతో వెదికాడు. ఉన్ని లోలోపల, కుట్టు పక్కన, పల్లేరుకాయ. బఠాణీ గింజంత కూడా లేదు, దాని ముళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి.

మెడ ఉన్నిలో పల్లేరుకాయా? పొద్దు పడమట పొడిచినట్టుంది బయ్యన్నకు.

ఆదెన్న గాలి కొడుతున్న ట్యూబు వదిలేసి వచ్చాడు. చూశాడు. నాలుక చప్పరించాడు. "దీనికింత ఏడుపేంటికి? ఉండు." లోపలికి పోయి కొబ్బరినూనె సీసా తెచ్చాడు. "రవ్వంత పూయి. గీత లోపలికి నూనె పోతాది, కనపడదు. రేపు కొత్తచెరువు పోయి వచ్చేవరకు కనపడదు. ఆ పైన అడిగితే యాడనో తగిలింటాదిలే అను."

"తప్పప్పా."

"తప్పేంటిది? ఆయమ్మ రేపు మరిది ముందు నగుమొగంతో దిగుతాది. ఆ పున్నెం నీకే."

ఆ మాట బయ్యన్నకు తగిలింది. రేపు ఆమె దిగేటప్పుడు... వేలి కొనకు నూనె అంటించుకుని గీత మీదుగా పోనిచ్చాడు. నిజంగానే మాయమైంది. నీలం మళ్ళీ నీలమైంది. బయ్యన్న గుండెలనిండా ఊపిరి పీల్చుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

మంద వస్తోంది. ముందు పెద్ద మబ్బు, దాని వెనక పిల్లలు. బానెట్ కొస మీదనుంచి నడుచుకుంటూ నడుమకు వచ్చింది. నూనె పూసిన చోట దాని మొహం చెదిరిపోయింది. ఆ పక్క మళ్ళీ కలుసుకుంది కానీ, ఆ కాస్త జాగాలో మబ్బు లేదు, ఒట్టి జిడ్డు ఉంది. ఒకదాని వెనక ఒకటి ప్రతి మబ్బూ అక్కడికి వచ్చి చెదిరింది. బయ్యన్న చూస్తూ నిలబడ్డాడు. గాలికి లేచిన ఎర్రదుమ్ము అప్పుడే ఆ జిడ్డుకు అంటుకోవడం మొదలుపెట్టింది.

పాతచీర తడిపి, సబ్బు పెట్టి, నూనె తీసేశాడు. గీత మళ్ళీ తేలింది.

"నీ తలరాత," అన్నాడు ఆదెన్న సీసా మూత బిగించుకుంటూ.

కృపాకుమారి చీర సంచి ఊపుకుంటూ నవ్వుతూ వచ్చింది. "ఏం బయ్యన్నా, మెరిసిపోతాందే!"

"టీచరమ్మా, ఈ పక్కకు రామ్మా," అన్నాడు. వేలితో చూపించాడు.

ఆమె వంగింది. గోటితో గీతను ఆ కొస నుంచి ఈ కొస వరకు తాకింది.

"ఎట్ల?"

"నా చేతితోనేనమ్మా. మెడ ఉన్ని అది. మెడ ఉన్నిలో ముల్లుండదు. మా తాతల కాడినుంచి..."

"నాకు గొర్రెల కథలు చెప్పొద్దు బయ్యన్నా."

అరిచి ఉంటే బాగుండేది. ఆమె మెల్లగా అంది. బండెక్కింది. తలుపు కూడా మెల్లగా వేసుకుంది. నీలంబండి దుమ్ములో కలిసిపోయే దాకా బయ్యన్న చేతులు ముందుకు చాచుకునే నిలబడి ఉన్నాడు, వాటినుంచి నీళ్ళు కారుతూ ఉన్నాయి.

మరుసటి శనివారం ఆమె రాలేదు. ఆ పై శనివారం కూడా రాలేదు. ఆదెన్న ఊళ్ళోంచి కబురు మోసుకొచ్చాడు, హిందూపురంలో మెషిన్ పెట్టి కడిగే చోటికి పోతోందని. బయ్యన్న తెల్లబండ్లు కడిగాడు. కడిగిన ప్రతిదాన్నీ నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు, అలవాటు కొద్దీ. సున్నం కొట్టిన గోడలాగా ఉండేవి. పైన మబ్బులు పోతూనే ఉన్నాయి. తలెత్తి చూడబుద్ధి కాలేదు.

ఒకనాడు ఓబుళేసు మందను చేన్ల పక్కగా తోలుకుంటూ షెడ్డు దగ్గరికి వచ్చాడు. కడుపులో పెట్టుకున్న కోపమంతా బయ్యన్న వాడి మీద కుమ్మరించాడు.

"ఒరేయ్, మెడ ఉన్ని అని చెప్పి తోక ఉన్ని పంపిస్తావురా?"

"ఏందన్నా, తాగినావా? నా చేత్తోనే కత్తిరించినా. మెడదే."

"మెడలో పల్లేరుకాయ ఎట్లొస్తాదిరా?"

ఓబుళేసు చేని దిక్కు తిరిగాడు. కర్రతో చూపించాడు. చేని కంచె కింద ఒక గొర్రెపిల్ల మోకాళ్ళ మీద వంగి ఉంది. కంపలోకి మెడ దాకా దూర్చి, అవతల ఎండిన నేలమీద పాకిన పల్లేరు తీగ కోసం నాలుక చాస్తోంది. వెనకకాళ్ళు వణుకుతున్నాయి.

"యాడుందన్నా గడ్డి? గడ్డి ఉంటే తల వంచి మేస్తాయి. ఈయేడు పుట్టినయి గడ్డి సూడనే లేదు. కంపలోకి మెడ పెట్టేది ఒక్కటే నేర్చుకున్యాయి. మన నాయన కాలం మెడలు కాదివి."

బయ్యన్న పోయి ఆ పిల్లను మెల్లగా వెనక్కి లాగాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. కొత్తగా మొలుస్తున్న మెడ ఉన్నిలో వేళ్ళు పెట్టి ఒక్కొక్క ముల్లే తీశాడు. పిల్ల ఆయన బొటనవేలు చప్పరించింది. దాని ఒళ్ళు వెచ్చగా ఉంది, ఎముకలు తగులుతున్నాయి. పొద్దు వాలేదాకా ఆయన అక్కడినుంచి లేవలేదు.

ఇంటికి పోయి కొత్త సంచిని కుట్లు విప్పేశాడు. పాతదాన్ని కూడా విప్పాడు. ఆంజినమ్మ చూసి, "ఏకుదాం పట్టు. ఇద్దరం ఏకితే తొందరగా అవుతాది," అంది.

"వద్దులే. ఉన్ని మీద నమ్మకం పోయింది."

"మరి దేంతో కడుగుతావు?"

చేతులు చూసుకున్నాడు.

తర్వాతి శనివారం, ఆయన ఒక ఆటోకు చక్రాలు తోముతుండగా నీలంబండి వచ్చి కానుగచెట్టు కింద నిలబడింది. కృపాకుమారి దిగింది. మొహం గంటుగానే ఉంది. స్టూలు లాక్కుని కూచోలేదు.

"హిందూపురంలో కడిగిచ్చినా," అంది, ఎవరో అడిగినట్టు.

"తెలిసిందమ్మా."

"ఆడ అడిగినా, ఏమప్పా, యాడన్నా గీతలు పడినాయా అని. 'ఏం గీతలు మేడం, ఒక్కటి గూడా లేదు' అన్నారు. బానెట్ నడిమధ్య ఇంత గీత పెట్టుకోని! నువ్వు వేసిందే వాళ్ళకు కనపళ్ళేదు. ఇంక వాళ్ళు వేసింది నాకెవరు చెప్తారు?"

బయ్యన్న చక్రాల గుడ్డను పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "కొత్తచెరువులో ఏమన్నారమ్మా?"

"ఏమంటాడు, గీతే ముందు చూసినాడు. 'గోడకు పెట్టినావా వదినా' అన్నాడు. గొర్రెపిల్ల గీరింది అని చెప్పినా." ఆమె పెదవి చివర కొంచెం వంకర పోయింది, వెంటనే సర్దుకుంది. "నిజంగా ఎట్ల పడింది అది? ఇప్పుడు చెప్పు, వింటా."

చెప్పాడు. గడ్డి లేకపోవడం, కంచె కింద పిల్ల, దాని మెడ. ఆమె విన్నది. ఎండిన చేన్ల వైపు ఒకసారి చూసింది.

"ఉన్ని ఉండాదా ఇంకా?"

"లేదమ్మా. విప్పేసినా. ఒట్టి చేతులే."

"చూపియ్యి."

బయ్యన్న రెండు చేతులూ చాచాడు, బడిలో పిల్లోడిలాగా. ఆమె వాటిని పట్టుకుని తిప్పి చూసింది. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు.

"ఈ గోరు తీసెయ్యి. ఇది గూడా."

ఆదెన్న పంక్చర్ అంగట్లోంచి పగలబడి నవ్వాడు. "టీచరమ్మా, చెవులు గూడా సూడు, కడుక్కున్యాడో లేదో!"

"నువ్వు నీ ట్యూబు సూసుకోప్పా," అంది ఆమె.

బయ్యన్న బ్లేడు తెచ్చుకుని గట్టుమీద కూచుని గోళ్ళు తీసుకున్నాడు. ఒక్కొక్క వేలి కొసనూ తన చెంపకు రాసి చూసుకున్నాడు, ఎక్కడైనా గరుకుందేమో అని. చేతులు సబ్బు పెట్టి కడుక్కున్నాడు. ఈలోపు బండి చల్లారింది. పైనుంచి నీళ్ళు వదిలాడు. ఎర్రమట్టి పొగలాగా జారింది. ఇంకో చెంబు, ఇంకో చెంబు. మట్టంతా దిగిపోయిందని కంటికి కనపడ్డాకే అరచేతుల నిండా నురుగు తీసుకుని బండి మీద ఆనించాడు.

ఇన్నేళ్ళలో ఉన్ని అడ్డం లేకుండా ఆయన చెయ్యి దాన్ని తాకడం అదే మొదటిసారి. ఇంత నున్నగా ఉంటుందని అనుకోలేదు. చల్లగా, కదలకుండా, చేతికింద ఊపిరి బిగబట్టినట్టు. పైకప్పు, తలుపులు, వెనకభాగం. ఆమె ఎదురుగా నిలబడి చూస్తోంది. బానెట్ మీద మొదలుపెట్టాడు. నడుమకు వచ్చేసరికి వేళ్ళ కింద గీత తగిలింది. వెంట్రుకంత లోతు. ఆయన చెయ్యి అక్కడ నిలిచిపోయింది. నురుగు వేళ్ళ సందుల్లోంచి మెల్లగా కిందికి జారుతూ ఉంది.

"ఆడ నిలబడొద్దు బయ్యన్నా," అంది కృపాకుమారి. "కడుగు."

చెయ్యి గీత దాటి ముందుకు పోయింది.